డెంగ్యూ కాదు, అయినా ప్లేట్‌లెట్లు 14 వేలు

తొమ్మిదో నెలలో మా పాపకు ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా) టీకా వేయించాక రెండు మూడు వారాలకు కాళ్ళ మీద గుండుసూది మొనంత ఎర్ర చుక్కలు కనిపించాయి. బెంగళూరులో, అందులోనూ మేముండే మారతహళ్ళిలో దోమలకు కొదవ లేదు కాబట్టి దోమకాట్లే అనుకోవచ్చు. కానీ వేలితో నొక్కినా ఆ ఎరుపు పోవడం లేదు. వీపు మీద, దెబ్బ తగలడానికి వీల్లేని చోట కమిలిన మచ్చలు. చిగుళ్ళ దగ్గర కాస్త రక్తం.

పరీక్షలో ప్లేట్‌లెట్లు, అంటే రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన కణాలు, 14 వేలని వచ్చింది. ఉండాల్సింది లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షలు.

ఆ అంకె బయటికి పొక్కగానే మా ఇంట్లో అందరూ డెంగ్యూ నిపుణులైపోయారు. "బొప్పాయాకు రసం పట్టించమ్మా" అని నెల్లూరు నుంచి అత్తయ్య. తొమ్మిది నెలల పిల్లకి! మావారి ఆఫీసులో నలుగురు ప్లేట్‌లెట్లు ఇస్తామని సిద్ధమైపోయారు. డెంగ్యూ పరీక్ష మాత్రం నెగటివ్.

డాక్టరుగారు మెషీన్ చెప్పిన లెక్కను నమ్మి ఊరుకోలేదు. ట్యూబులో ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అంటుకుంటే మెషీన్ తక్కువ చూపిస్తుందట. అందుకని రక్తపు చుక్కను స్లైడు మీద మైక్రోస్కోపులో పరీక్ష చేయించారు. నిజంగానే తక్కువ. అయితే హిమోగ్లోబిన్, తెల్లకణాలు బాగున్నాయి, ప్లీహం (స్ప్లీన్) వాయలేదు. బ్లడ్ క్యాన్సర్ అన్న మాట మేం నోటితో అనలేకపోతున్నామని గ్రహించారేమో, అడక్కముందే అలాంటి లక్షణాలేమీ లేవన్నారు.

దీన్ని ఐటీపీ (ఇమ్యూన్ థ్రాంబోసైటోపీనియా) అంటారు. ఒంట్లో తయారైన యాంటీబాడీలు సొంత ప్లేట్‌లెట్లకే అంటుకుంటాయి, వాటిని ప్లీహం నాశనం చేసేస్తుంది. ఎవరో దానం చేసినవి ఎక్కించినా వాటికీ అదే గతి, కాబట్టి ప్రాణం మీదికొచ్చే రక్తస్రావమైతేనే ఎక్కిస్తారు. ఎంఎంఆర్ తర్వాత ఇది సుమారు 25 వేల నుంచి 40 వేల డోసులకు ఒకరిలో, ఎక్కువగా ఆరు వారాల్లోపే వస్తుందట. "అయితే టీకా వేయించకుండా ఉండాల్సిందా?" అని అడిగేశాను. తట్టు, రుబెల్లా జబ్బులు సోకినా ప్లేట్‌లెట్లు పడిపోతాయని, అది టీకాతో కంటే ఎక్కువేనని చెప్పారు.

మేం అంకె చుట్టూ తిరుగుతుంటే ఆయన రక్తం ఎక్కడ కారుతోందో చూస్తున్నారు. చర్మం మీద మచ్చలు మాత్రమే ఉంటే అంకె ఎంత తక్కువైనా చాలామంది పిల్లలను మందు లేకుండానే గమనిస్తూ ఉంటారట. మా పాపకు చిగుళ్ళ నుంచి వస్తోంది గనుక ఐవీఐజీ పెట్టారు. అది వేలమంది దాతల ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) నుంచి తీసే యాంటీబాడీల మందు. ధర చూసి మావారు మొదట ఇన్సూరెన్స్ కార్డు వెతికారు. డ్రిప్ చాలా నెమ్మదిగా ఎక్కింది. మధ్యలో జ్వరమొస్తే ఆపి మళ్ళీ మొదలుపెట్టారు. తర్వాత లెక్క పెరిగింది, కొంచెం తగ్గింది, మెల్లగా నిలబడింది.

ఇంటికొచ్చాక జ్వరానికి పారాసిటమాల్ తప్ప ఇబుప్రొఫెన్ వద్దన్నారు. టీకా తర్వాత ఇలా జరిగిందని ఏఈఎఫ్ఐ (టీకా తర్వాత వచ్చే ఇబ్బందులను నమోదు చేసే) ఫారం నింపి పంపారు. మందుల దుష్ప్రభావాలు నమోదు చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 1800-180-3024కి తల్లిదండ్రులమైనా ఫోన్ చేసి చెప్పొచ్చట.

ఐవీఐజీలోని దాతల యాంటీబాడీలు టీకాను సరిగా పనిచేయనివ్వవట, అందుకని పదిహేనో నెల ఎంఎంఆర్, చికెన్‌పాక్స్ టీకాలు కొన్ని నెలలు వెనక్కి జరిగాయి. ఎంఎంఆర్ వేసే ముందు తట్టు యాంటీబాడీలు చూద్దామన్నారు. పోలియో చుక్కలకు మాత్రం అడ్డేమీ లేదు.