ఊడిపోయిన బ్రేకు స్టడ్డుకు ఇనుప పట్టీ: నా అనుభవం

నా సైకిల్‌కి ఉన్నవి వి-బ్రేకులు, అంటే చక్రానికి రెండు పక్కలా నిలబడి, రబ్బరు ముక్కల్ని రిమ్ముకి నొక్కే రెండు చేతులు. వెనక వైపు, సీటు కింద నుంచి చక్రం ఇరుసు దాకా దిగే రెండు సన్న గొట్టాలకి చెరో స్టడ్డు, అంటే పొట్టి ఇనుప కడ్డీ, అతికించి ఉంటుంది. బ్రేకు చేయి దాని మీదే కూర్చుని తిరుగుతుంది. విశాఖ ఉప్పుగాలికి ఎడమ స్టడ్డు అతుకు దగ్గర లోలోపలే తుప్పు పట్టి, బ్రేకు పట్టగానే చేయితో సహా ఊడి వచ్చేసింది. సిరిపురం నుంచి బీచ్ వైపు దిగే రోడ్డులో ఒక్క ముందు బ్రేకుతో వెళ్లాలంటే టెన్షనే.

ముందు గ్రిల్ వెల్డింగ్ షాపుకి తీసుకెళ్లాను. మేస్త్రీ గొట్టాన్ని వేలితో తట్టి చూసి, "బాబూ, ఇది బాగా పల్చన. కరెంటు వెల్డింగ్ పెడితే చిల్లు పడిపోద్ది" అన్నాడు. ఆయన మాట నిజమే. ఇలాంటి గొట్టానికి గ్యాస్ మంటతో ఇత్తడి కరిగించి అతికించడం సరైన పద్ధతి. ఆ పని చేసేవాళ్లు మా చుట్టుపక్కల ఎవరూ దొరకలేదు. ఫ్రేము మార్చడం దండగ అనిపించింది. అయస్కాంతం పెడితే గట్టిగా అంటుకుంది, అంటే ఉక్కే. మిగతా అతుకులన్నీ ఉప్పు కాగితంతో రుద్ది చూశాను, ఎక్కడా పగులు లేదు.

అందుకే గొట్టం జోలికి పోకుండా, స్టడ్డును విడిగా ఒక పట్టీకి వెల్డ్ చేయించి, ఆ పట్టీని గొట్టానికి క్లాంపులతో బిగించాలనుకున్నాను. స్టడ్డు లావు 8 మిల్లీమీటర్లు. దాని బదులు 8 మిల్లీమీటర్ల బోల్టు తీసుకున్నాను, అందులో మరలు లేని నున్నటి భాగం బ్రేకు చేయిలో చక్కగా పట్టింది. 5 మిల్లీమీటర్ల మందం, 40 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న ఇనుప పట్టీ ముక్క మేస్త్రీ దగ్గరే దొరికింది. క్లాంపులు మాత్రం సైకిల్ షాపులో పాత సైడ్ స్టాండుల డబ్బా వెతికి తెచ్చాను. వంపు తిరిగిన ఆ రేకులు ఈ సన్న గొట్టానికి సరిగ్గా సరిపోతాయి.

బోల్టు తల కోసేసి, పట్టీ చిల్లులో దించి, వెనక వైపు నుంచి వెల్డ్ చేయించాను. ముందు వైపు వెల్డింగు ఉబ్బు ఉంటే బ్రేకు చేయి ఆనదు. బోల్టు మీద జింకు పూత ఉంటే వెల్డింగుకి ముందే ఆకురాయితో పూర్తిగా తీసేయాలి, ఆ పొగ పీల్చడం మంచిది కాదు. వెనక మిగిలిన ఉబ్బును కూడా చదునుగా రాకితేనే పట్టీ గొట్టానికి ఆనుకుంటుంది. బ్రేకు స్ప్రింగు మొన దూరడానికి స్టడ్డు పక్కన ఒక చిన్న చిల్లు కావాలి. దాని కొలత కుడి వైపు స్టడ్డు నుంచి అట్టముక్క మీదికి గీసుకున్నాను. స్టడ్డు ఎత్తు కూడా అలాగే తీసుకున్నాను. ఎత్తులో కొంచెం తేడా వచ్చినా రబ్బరు రిమ్మును వదిలి టైరుకి రాసుకుంటుంది, అది ప్రమాదం.

రెండు క్లాంపులూ స్టడ్డుకి కిందే వేయాలి. పైన వేస్తే పట్టీ అంచు టైరుకి తగులుతుంది. గొట్టానికీ పట్టీకీ మధ్యలో రబ్బరు ట్యూబు ముక్క పెట్టమని షాపులో చెప్పారు గానీ నేను పెట్టలేదు. రబ్బరు మెత్తదనానికి పట్టీ కదులుతుంది.

బిగించాక సైకిల్‌ని ఉన్నచోటే నిలబెట్టి, బ్రేకు గట్టిగా పట్టి చూశాను. పట్టీ జారలేదు గానీ గొట్టం చుట్టూ కొద్దిగా తిరిగింది. ఈ పనిలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. బ్రేకు పట్టినప్పుడు కేబుల్ రెండు చేతుల పైకొనలనీ దగ్గరికి లాగుతుంది. రబ్బరు రిమ్ముకి ఆనగానే రిమ్ము చేతుల్ని బయటికి తోస్తుంది. ఆ బలమంతా చివరికి స్టడ్డును బయటి వైపుకి నెడుతుంది. స్టడ్డు గొట్టానికి వెనక ఉంటుంది కాబట్టి, పట్టీ గొట్టం చుట్టూ తిరగాలని చూస్తుంది. క్లాంపులు ఎంత బిగించినా ఇది పూర్తిగా ఆగదు, పైగా పల్చని గొట్టం నొక్కుకుపోతుంది.

మందు ఏమిటంటే, రెండు స్టడ్లనీ ఒకదానికొకటి కట్టేయడం. కొండదారుల సైకిళ్లకి ఒకప్పుడు గుర్రపునాడా ఆకారంలో ఒక పలక ఇందుకే అమ్మేవారు, బ్రేక్ బూస్టర్ అనేవారు. గుండ్రంగా కోయడం కష్టం కాబట్టి నేను మూడు పట్టీ ముక్కల్ని ద్వారబంధంలా వెల్డ్ చేయించి, టైరు మీదుగా వచ్చేలా రెండు స్టడ్ల చివర్లకీ బిగించాను. కుడి వైపు బ్రేకు చేతిని స్టడ్డుకి పట్టి ఉంచే 6 మిల్లీమీటర్ల బోల్టును పలక మందానికి తగ్గట్టు కాస్త పొడవైనది వేయాల్సి వచ్చింది. ఎడమ వైపు నైలాక్ నట్టు, అంటే లోపల నైలాన్ రింగు ఉండి అదురుకి వదులు కానిది. ఇప్పుడు ఎడమ స్టడ్డు బయటికి పోవాలంటే కుడి దాన్ని లోపలికి లాగాలి, కుడిది బయటికే తోస్తోంది. రెండూ ఒకదాన్నొకటి ఆపుకుంటాయి. బ్రేకు పట్టు ఇంతకు ముందుకన్నా గట్టిగా ఉందంటే అది ఈ పలక వల్లే.

రెడ్ ఆక్సైడ్ పూసి ఆరనిచ్చాక, పట్టీ నుంచి గొట్టం మీదికి నెయిల్ పాలిష్‌తో ఒక గీత గీశాను. పట్టీ కదిలితే గీత విరుగుతుంది. నడిపించుకుంటూ, తర్వాత చదును రోడ్డు మీద మెల్లగా తొక్కుతూ చూసి, ఆ తర్వాతే వాలులోకి దిగాను. గీత అలాగే ఉంది. అయినా వారానికోసారి నట్లు చూసుకుంటాను, వెనక ఎవరినీ ఎక్కించుకోను.

ఇదంతా వెనక చక్రానికే. వెనక బ్రేకు వేసినప్పుడు రిమ్ము బ్రేకు చేతుల్ని ముందుకి, అంటే గొట్టం మీదికే లాగుతుంది. అందువల్ల పట్టీ గొట్టానికి ఇంకా అదుముకుంటుంది. ముందు చక్రానికి స్టడ్లు ఫోర్కు, అంటే ఆ చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ల గొట్టం, ముందు వైపున ఉంటాయి, అక్కడ అదే లాగుడు వాటిని ఫోర్కు నుంచి ఊడదీసే దిక్కులో పనిచేస్తుంది. పైగా గట్టిగా ఆపేటప్పుడు భారమంతా ముందు చక్రం మీదికే వస్తుంది. అక్కడ స్టడ్డు విరిగితే పట్టీలు, క్లాంపులు పెట్టొద్దు, ఫోర్కు మార్చేయండి.