సుంకి ఘాట్‌లో వణికిన గేర్‌బాక్స్

ఒడిశాలోని మా జయపురం నుంచి విశాఖ వెళ్లాలంటే కొరాపుట్, పొట్టంగి దాటి సుంకి ఘాట్ దిగి సాలూరు చేరాలి. తిరిగొచ్చేటప్పుడు అదంతా ఎక్కుడే. ఎడమ మోకాలి ఆపరేషన్ తర్వాత క్లచ్ తొక్కలేక, 2010 మోడల్ హోండా సిటీ ఆటోమేటిక్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. మళ్లీ స్టీరింగ్ పట్టుకునే భాగ్యం ఆ బండి వల్లే దక్కింది. అందుకే మొన్న దసరాకి ఘాట్ ఎక్కుతూ రెండో గేరు నుంచి మూడుకి పడేటప్పుడల్లా బండి వణుకుతుంటే నా ప్రాణం విలవిల్లాడింది. వెనక సీట్లోంచి అమ్మ "రోడ్డు బాగోలేదేట్రా?" అంది. రోడ్డు బాగానే ఉంది.

కొన్న కొత్తలో ఒక వర్క్‌షాప్‌లో అడిగితే "ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ లైఫ్‌టైమ్ సార్, మార్చక్కర్లేదు" అన్నారు. నమ్మాను. ఇప్పుడు మీటర్ 1,12,000 దాటింది. అక్కడికే వెళ్తే, మిషన్ పెట్టి ఒత్తిడితో పాత ఆయిల్ తోసేసి అరగంటలో ఫ్లష్ కొట్టేస్తామన్నారు. ఈసారి ఒప్పుకోలేదు. ఇన్నేళ్లు మార్చని గేర్‌బాక్స్‌లో అడుగున పేరుకున్న మడ్డి ఆ ఒత్తిడికి లేచి గేర్లు మార్చేందుకు ఆయిల్‌ని మళ్లించే వాల్వ్ బాడీ సన్నటి దారుల్లో చిక్కుకుంటే అసలుకే మోసం. ఫ్లషింగ్ మిషన్ వద్దని హోండా వాళ్లే చెబుతారు. తీసి పోయడం, నడపడం, మళ్లీ తీసి పోయడం, అంతే.

ఆయిల్ విషయంలో రాజీ పడకూడదు. ఈ బండికి హోండా ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ ఏటీఎఫ్ డీడబ్ల్యూ-1 కావాలి, గేర్ల బదులు బెల్టుతో నడిచే సీవీటీ బండ్ల ఆయిల్ పనికిరాదు. ఇక్కడ దొరక్క విశాఖ నుంచి మా బావ చేత బస్సులో వేయించుకున్నాను. గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ తీసే డ్రెయిన్ బోల్టుకి కొత్త వాషర్లు కూడా.

మొదటి ఆదివారం పొద్దున్నే వెనక చక్రాలకు రాళ్లు పెట్టి, ముందు భాగం జాకీతో లేపి స్టాండ్ల మీద నిలబెట్టాను. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కింద దూరొద్దు, దయచేసి. ఇంజిన్ గోరువెచ్చగా ఉండాలి, కాలిపోతూ ఉండకూడదు. డ్రెయిన్ బోల్టుకి నలుచదరపు గుంట ఉంటుంది, మూడు బై ఎనిమిది అంగుళాల రాచెట్ పానా మొన నేరుగా అందులో కూర్చుంటుంది. బోల్టు ఊడగానే కాఫీ డికాక్షన్ రంగు ఆయిల్ బేసిన్‌లోకి దూకింది. కొత్తది ఎర్రగా ఉంటుంది కదా, ఆ రంగు జాడే లేదు.

బోల్టు చివర అయస్కాంతం ఉంది. దాని మీద నల్లటి ముద్ద, కాటుకలా మెత్తగా. వేళ్ల మధ్య రుద్ది చూశాను, గరుకు తగల్లేదు. మా వీధిలో లారీలు బాగుచేసే ఒడియా మేస్త్రీ వచ్చి తనూ రుద్ది చూసి "ముక్కల్లేవు భాయినా, భయం లేదు" అన్నాడు. మెత్తటి ముద్ద మామూలు అరుగుదలే. ఇనుప పెళ్లలు కనిపించుంటే ఆయిల్ మార్చినంత మాత్రాన సరిపోయేది కాదు. బోల్టు శుభ్రంగా తుడిచి, కొత్త వాషర్ వేసి బిగించాను.

వచ్చిన ఆయిల్‌ని పాత నీళ్ల సీసాల్లో పోసి కొలిచాను. రెండున్నర లీటర్లకి కాస్త తక్కువ. అంతే కొత్తది, ఆయిల్ మట్టం చూసే పుల్ల డిప్‌స్టిక్ ఉండే రంధ్రంలో సన్నటి గరాటు పెట్టి పోశాను. మిగిలిన సగం పైగా, ఇంజిన్ శక్తిని గేర్‌బాక్స్‌కి అందించే టార్క్ కన్వర్టర్‌లోనూ లోపలి క్లచ్ ప్యాకుల్లోనూ ఉండిపోతుంది, బోల్టు విప్పితే రాదు. అందుకే ఒక్కసారి మార్చి ఊరుకుంటే లాభం లేదు. వారమంతా మామూలుగా నడిపి రెండో ఆదివారం, మూడో ఆదివారం మళ్లీ అదే పని చేశాను. మూడుసార్లకి పాతది ఐదో వంతు దాకా మిగులుతుంది, అంతే.

ఆయిల్ లెవెల్ చూడటంలోనే చాలామంది పొరపడతారు. బండి సమతలంగా ఉండాలి, రేడియేటర్ ఫ్యాన్ రెండుసార్లు తిరిగేదాకా వేడెక్కించాలి. ఇంజిన్ ఆపిన 60 నుంచి 90 సెకన్ల లోపే డిప్‌స్టిక్ తీసి చూడాలి. నేను ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని చూశాను. ఎక్కువ పోసినా నురగ కట్టి గేర్లు జారతాయి.

తీసిన నల్ల ఆయిల్ కాలువలో పోయలేదు. మా నీళ్లన్నీ కొలాబ్ నదికే చేరతాయి. డబ్బాలో పోసి మేస్త్రీ దగ్గర పాత ఆయిల్ కొనుక్కెళ్లేవాళ్లకి ఇచ్చేశాను.

మూడోసారి తెల్ల గుడ్డ మీద చుక్క వేస్తే మందార రంగు తేలింది. పోయిన శనివారం అమ్మని తీసుకుని సుంకి ఎక్కాను. పొద్దుటి చలిలో మొదటి కిలోమీటరు సన్నగా ఒకసారి వణికింది, ఆ తర్వాత లేదు. డైరీలో రాసుకున్నాను: 1,12,900. మళ్లీ 1,40,000 దగ్గర.