కళ్లజోడు డబ్బాలో చిక్కీ

పదకొండు దాటింది. అత్తయ్య కార్తీక సోమవారం ఉపవాసం విడిచి, దీపాలు కొండెక్కాక పడుకున్నారు. నాకు మాత్రం ఆ పిల్ల అడిగిన మాట చెవిలోంచి పోవట్లేదు.

"టీచర్, ఇయి మళ్లీ ఇచ్చేయాలేటి?"

బళ్లో కిటికీ పక్కన కూర్చునే పాప, నేను కిటికీ పాప అంటాను. ఇవాళ మా విశాఖ బళ్లో ఒక సంస్థ వాళ్లు పంచిన కళ్లజోడు చేతికొచ్చి పావుగంట కాలేదు. అప్పటికే తీసేసి, గుడ్డలో చుట్టి, డబ్బాలో పెట్టి, డబ్బాని రెండు చేతులతో నా ముందుకు చాపింది. "ఇవ్వక్కర్లేదమ్మా, నీవే" అన్నాను. నమ్మలేదు. హెచ్చెమ్ గారి వైపు చూసింది. ఆవిడ కూడా తలూపాకే చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఎందుకడిగిందో నాకు తెలుసు. కిందటేడు వేరే సంస్థ వాళ్లొచ్చి క్యారమ్ బోర్డులు, బొమ్మల పుస్తకాలు పంచారు. బ్యానర్ ముందు ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్కటి పెట్టి ఫొటోలు తీశారు. వాళ్ల కారు గేటు దాటగానే, పాడైపోతాయని అన్నీ వెనక్కి తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశారు. పదేళ్ల పిల్లకి అదే గుర్తుండిపోయింది.

ఇవాళ కార్యక్రమం పదింటికన్నారు. ముఖ్య అతిథి పదకొండున్నరకి వచ్చారు. మొంథా తుపాను వానలకి ఒకసారి వాయిదా పడింది కదా, మళ్లీ తప్పిపోకూడదని హెచ్చెమ్ గారు తొమ్మిదిన్నరకే 22 మంది పిల్లల్ని వరసలో నిలబెట్టారు. వాన వెలిసిన ఎండ చురుక్కుమంటోంది, సముద్రం ఇంత దగ్గరున్నా గాలి లేదు. ఇద్దరు చిన్నపిల్లలు నేల మీద చతికిలబడితే, "లెగండి, లెగండి, సార్ వచ్చేస్తున్నారు" అని లేపారు. సార్ రాలేదు. మళ్లీ కూర్చున్నారు. మళ్లీ లేపారు.

అదయినా ఓర్చుకున్నాను. ఆ తర్వాతది ఓర్చుకోలేకపోయాను. మూడో తరగతి బాబుకి అతిథి గారే స్వయంగా కళ్లజోడు పెట్టారు. వాడు తల తిప్పి చుట్టూ చూస్తున్నాడు, మొదటిసారి కదా. ఫొటోగ్రాఫర్ "సార్, ఇంకోసారి" అన్నాడు. వాడి ముక్కు మీంచి తీసి మళ్లీ పెట్టారు. బ్యానర్ మీద పేరు కవరవలేదట, ఇంకోసారి. మూడోసారి తీసేటప్పుడు వాడు కళ్లు గట్టిగా మూసేసుకున్నాడు. నేను అక్కడే ఉన్నాను. ఏమీ అనలేదు. ఈ రాత్రి నిద్ర పట్టకపోవడానికి సగం కారణం అదే.

ఇంటికొచ్చి మా ఆయనతో చెప్తే, "డబ్బు పెట్టింది వాళ్లు. ఫొటో తీసుకుంటే తప్పేంటి?" అన్నారు. ఆయన అకౌంట్స్ మనిషి. 2013 కంపెనీల చట్టం వచ్చాక ఒక స్థాయి దాటిన కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు చెయ్యాలట. ఆ డబ్బే ఇలాంటి సంస్థల చేతుల మీదుగా బడికొస్తుందట. ఖర్చయినట్టు రుజువు అడుగుతారు, ఫొటో లేకపోతే వచ్చే ఏడాది డబ్బు రాదు అని తేల్చేశారు. నాకు ఒళ్లు మండింది. రుజువు కోసం పిల్లాడి ముక్కు మీంచి మూడుసార్లు తియ్యాలా?

నా కోపం ఇవాళ్టిది కూడా కాదు. హుద్‌హుద్ తుపాను నాటిది. 2014 అక్టోబర్ 12, ఆదివారం. చిన్నాడికి అప్పుడు రెండేళ్లు. పొద్దుటి నుంచి ఆ గాలి హోరు, మధ్యలో ఒక్కసారిగా అంతా ఆగిపోవడం, అయిపోయిందని మేం తలుపు తీయడం, అత్తయ్య అరిచి మళ్లీ వేయించడం. అవన్నీ ఒక ఎత్తు. తర్వాతి రోజులు ఇంకో ఎత్తు. వీధి నిండా వేపచెట్లు అడ్డంగా పడి ఉన్నాయి. కరెంటు లేదు, ఫోన్లు లేవు, మోటారు ఆడక నీళ్లు లేవు. అన్నిటికంటే పాలు లేవు. మా వీధి చివర బడి వరండాలో పాల ప్యాకెట్లు ఇస్తున్నారంటే చిన్నాణ్ణి చంకనేసుకుని పరిగెత్తాను. లైనులో నా ముందు పనివాళ్లు, వెనకాల బ్యాంకు ఆఫీసరు గారి భార్య. ఆ వారం అందరం ఒకటే. నా వంతు వచ్చింది. ప్యాకెట్ పట్టుకున్నాను, ఇచ్చే అతను వదల్లేదు. "అమ్మా, ఒకసారి ఇటు చూడండి" అన్నాడు. పక్కన ఫోను పట్టుకుని ఇంకొకతను. ఆ క్షణంలో ప్యాకెట్‌కి అటు ఆయన వేళ్లు, ఇటు నా వేళ్లు. చున్నీ మొహానికి అడ్డం పెట్టుకున్నాను. అయినా తీశారు. ఆ ఫొటో ఎక్కడుందో, ఎంతమంది చూశారో. 11 ఏళ్లయినా ఆ వేళ్లు గుర్తున్నాయి.

ఇది ఇవాళ మళ్లీ చెప్తే మా ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "ఆ పాలు తాగాకే కదా, వాడు ఆ రోజు ఏడుపాపింది" అన్నారు.

అవును. అది నేనెప్పుడూ రాయలేదు. చిన్నాడు తాగి నిద్రపోయాడు. ఇచ్చినవాళ్లు ఎవరో, ఏ ఊరి నుంచి ఆ పాలు తెచ్చారో కూడా నేను అడగలేదు. రోడ్లన్నీ చెట్లతో మూసుకుపోయిన ఊళ్లోకి పాలు తేవడం మాటలా?

ఇవాళ కూడా అంతే. అందరూ టిఫిన్లకి వెళ్లాక ఆ సంస్థ నుంచి వచ్చిన అమ్మాయి ఒక్కతే వరండాలో మోకాళ్ల మీద కూర్చుంది. ఒక్కో పిల్లాడి చెవి వెనక వేలు పెట్టి చూసి, చిన్న స్క్రూడ్రైవర్‌తో మరలు బిగిస్తోంది. "తల ఊపు, ఇంకా ఊపు" అంటోంది. 22 మందికీ చేసింది. ఆరు నెలల్లో మళ్లీ వస్తానని, పిల్లల పవర్ మారుతుంటుందని తల్లుల ఫోన్ నంబర్లు అడిగింది. సగం మందివి బళ్లో లేవు.

మరి పొద్దున్న నేను తిట్టుకున్నది ఎవర్ని? ఆ అమ్మాయీ ఆ బ్యానరు మనిషే.

పన్నెండున్నరకి మధ్యాహ్న భోజనం తెచ్చే అక్షయపాత్ర వ్యాను వచ్చింది. స్టీలు డ్రమ్ములు దింపారు, పాతవి ఎక్కించుకుని వెళ్లిపోయారు. అదీ బయటి సంస్థ నుంచి వచ్చేదే. బడి ఉన్న ప్రతి రోజూ వస్తుంది, ఎవరూ వరసలో నిలబడరు, డ్రైవరు పేరు చెప్పి పిల్లలే పిలుస్తారు. నాకు కావలసింది అది. రోజూ రాకపోయినా ఫరవాలేదు, రెండోసారి రావాలి.

ఇంకో మాట. 22 మంది తల్లుల్లో ఇవాళ వచ్చింది ఇద్దరే. "వీళ్లకి పట్టదండీ" అన్నాడొక పెద్దమనిషి. జాలారిపేట తల్లులు ఉదయం పదింటికి చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని వీధుల్లో ఉంటారు, బళ్లో ఎలా ఉంటారు? ఇదే తల్లులు మొన్న జూలై 10న మెగా పేరెంట్ టీచర్ మీటింగ్‌కి ముస్తాబై వచ్చారు. ముందే చెప్పారు, కూర్చోబెట్టి మాట్లాడారు కాబట్టి వచ్చారు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడి కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. మా కమిటీలో ఉన్నారు కూడా. కళ్లద్దాలు ఎప్పుడు పంచాలని వాళ్లని ఒక్కరూ అడగలేదు. హనుమంతవాకలో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉన్న ఊరిది. అయినా కిటికీ పాప తల్లి ఇన్నాళ్లూ తీసుకెళ్లలేదు. "ఒక్క పూట పోతే బుట్ట పోద్దమ్మా" అంది ఒకసారి. అప్పుడు నేను కూడా ఆవిడకి పట్టదనే అనుకున్నాను. ఇవాళ ఆ పెద్దమనిషి అన్న మాటే.

సాయంత్రం బస్టాపులో పాప నా పక్కనే నిలబడింది. కళ్లజోడు ముక్కు మీదే ఉంది. బీచ్ రోడ్డు మలుపులో బస్సు ఇంకా ఇంతే ఉంది. "10కె, టీచర్" అంది. నాకే కనపడలేదు. డబ్బా తెరిచి చూపించింది. అందులో సగం కొరికిన చిక్కీ, తమ్ముడికట.

హెచ్చెమ్ గారి బల్ల మీద ఒక డబ్బా మిగిలిపోయింది. కంటి పరీక్ష చేసింది దసరాకి ముందు. ఈలోగా ఆ కళ్లజోడు అందాల్సిన అబ్బాయి వాళ్లు పడవ పని కోసం చెన్నై వెళ్లిపోయారు. చిరునామా కిటికీ పాప తల్లికి తెలుస్తుందంటున్నారు, వాళ్లకి వరసవుతారట. కార్తీకంలో మేం చేపలు కొనం కాబట్టి ఆవిడ మా వీధికి రావడం మానేసింది. ఐదింటికి అలారం పెట్టాను. రేవు దగ్గరే పట్టుకోవాలి. చిరునామాతో పాటు, మళ్లీసారి కళ్లద్దాల వాళ్లు ఏ పూట వస్తే మీకు కుదురుతుందని కూడా అడగాలి. చేపలకి కాదని అత్తయ్యకి చెప్పే వెళ్తాను.