సీసీఆర్‌పీ పరీక్షకు సిద్ధమవుతున్న క్లినికల్ రీసెర్చ్ కోఆర్డినేటర్లకు

అమెరికాలో ఒక విశ్వవిద్యాలయ వైద్య కళాశాల క్యాన్సర్ విభాగంలో క్లినికల్ ట్రయల్స్ (మనుషులపై జరిపే వైద్య పరిశోధనలు) రోజువారీ పనులు చూసే కోఆర్డినేటర్‌గా పనిచేస్తూ నేను, క్లినికల్ పరిశోధన రంగంలోని వారి వృత్తి సంఘం సోక్రా నిర్వహించే సీసీఆర్‌పీ అనే వృత్తి ధ్రువీకరణ పరీక్షలో ఉత్తీర్ణురాలినయ్యాను. మన దగ్గర బీఫార్మసీ, ఫార్మ్‌డీ చదివి ఇక్కడ ఇదే పనిలో చేరినవారు ఈ పరీక్ష గురించి తరచూ అడుగుతుంటారు కనుక, నాకు బాగా ఉపకరించిన పద్ధతిని రాస్తున్నాను.

రోజూ చేసే పనే కదా, కొత్తగా చదవాల్సింది ఏముంటుందన్న ధీమా వద్దు. మనం నిత్యం పాటించే వాటిలో చాలావరకు మన విశ్వవిద్యాలయం ఏర్పరచుకున్న నియమాలు కాగా, పరీక్షలో అడిగేది ఫెడరల్ నిబంధనలను. అందుకే ప్రతి అంశానికీ పేజీకి ఒకవైపు మా ఐఆర్‌బీ (పరిశోధనలను సమీక్షించే నైతిక కమిటీ) చెప్పేది, మరోవైపు ఫెడరల్ నిబంధనల సంకలనమైన సీఎఫ్‌ఆర్‌లో ఉన్నది రాసుకుంటూ చదివాను.

ఈ తేడా భద్రతా నివేదికల్లో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మందుల ట్రయల్‌లో ఊహించని సమస్య తలెత్తితే తమకు ఎన్ని రోజుల్లో తెలపాలో ఐఆర్‌బీలు తమ గడువు తామే పెట్టుకుంటాయి. మందుల ట్రయల్స్‌కు వర్తించే 21 సీఎఫ్‌ఆర్ 312.66 మాత్రం ఇన్వెస్టిగేటర్ (ట్రయల్‌ను స్వయంగా నడిపే పరిశోధకుడు) సత్వరం తెలపాలంటుందే తప్ప రోజుల లెక్క చెప్పదు. అందరికీ కంఠస్థమైన 7, 15 క్యాలెండర్ రోజుల గడువులు స్పాన్సర్ (ట్రయల్‌ను చేపట్టి దాని బాధ్యత వహించే సంస్థ లేదా వ్యక్తి) అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకు పంపే నివేదికలవి. మందు వల్ల కలిగిందని అనుమానించదగిన, ఊహించని ప్రతికూల చర్య మరణానికి దారితీసినా, ప్రాణాపాయం కలిగించినా 7 రోజులు, ఇతరత్రా తీవ్రమైనదైతే 15 రోజులు. వైద్య పరికరాల ట్రయల్‌లో పరికరం వల్ల ఊహించని ప్రతికూల ఫలితం వస్తే ఇన్వెస్టిగేటర్ స్పాన్సర్‌కూ ఐఆర్‌బీకీ 10 పనిదినాలలోపు తెలపాలి. కాబట్టి ప్రతి గడువునూ ఎవరు, ఎవరికి, ఏ రకం రోజుల్లో అన్న మూడు వివరాలతో కలిపి గుర్తుంచుకోండి.

విశ్వవిద్యాలయంలో పనిచేసేవారికి ఒక మేలు ఉంది. ప్రొఫెసర్ స్వయంగా ఐఎన్‌డీ (కొత్త మందును మనుషులపై పరీక్షించేందుకు ఎఫ్‌డీఏ వద్ద పొందే అనుమతి) తీసుకుని ట్రయల్ నడిపితే స్పాన్సర్ బాధ్యతలూ ఇన్వెస్టిగేటర్ బాధ్యతలూ ఆయనపైనే ఉంటాయి. అలాంటి ట్రయల్ మీ విభాగంలో ఉంటే దాని రెగ్యులేటరీ ఫైలు శ్రద్ధగా చదవండి. సీఎఫ్‌ఆర్‌లోని 312 భాగం అంత స్పష్టంగా మరెక్కడా బోధపడదు.

పరిశోధన నైతికతకు సంబంధించిన న్యూరెంబర్గ్ నియమావళి, 1964 హెల్సింకీ ప్రకటన, 1979 బెల్మాంట్ నివేదిక పెద్దగా కష్టపెట్టవు. క్లినికల్ ట్రయల్స్ నిర్వహణకు అంతర్జాతీయ మార్గదర్శకమైన ఐసీహెచ్ ఈ6 మూడో సవరణ 2025లో ఖరారైంది కనుక, మీరు రాసే విడతలో ఏ సవరణ వర్తిస్తుందో అభ్యర్థుల మార్గదర్శినిలో ముందే చూసుకోండి.

ట్రయల్‌లో చేరేవారి సమ్మతి విషయంలో 21 సీఎఫ్‌ఆర్ 50.25లోని అంశాలను మీ ట్రయల్ సమ్మతి పత్రంతో ఒక్కొక్కటిగా సరిపోల్చి చదవండి. 50.27లోని షార్ట్ ఫారం విధానాన్ని (వివరాలు నోటితో చెప్పి, చిన్న పత్రం మీద సంతకం తీసుకోవడం), తెలుగు మాత్రమే తెలిసిన పెద్దావిడ మీ ఎదుట కూర్చున్నట్టు ఊహించుకుని నేర్చుకోండి. ఆమె తన భాషలోని షార్ట్ ఫారం మీదే సంతకం చేస్తారు, సమ్మతి తీసుకునేవారు నోటితో చెప్పినదాని సారాంశం ప్రతి మీద చేస్తారు, సాక్షి మాత్రం రెండింటి మీదా చేయాలి.