అది పొగడ చెట్టు

మా వీధిలో తెల్లారేసరికి ఫుట్‌పాత్ మీద మీగడ రంగు పూలు రాలి ఉంటాయి, చిటికెన వేలి గోరంత, చక్రంలా గుండ్రంగా. నిన్న వాకింగ్‌లో పక్క ఫ్లాట్ ఆవిడ "ఈ వాసన ఎక్కణ్ణుంచండీ?" అని ఆగారు. ఫోన్‌లో ఫొటో తీసి చూస్తే మిముసాప్స్ ఎలెంగి అని వచ్చింది. నర్సరీ అబ్బాయినడిగితే బకుళ అన్నాడు. "పొగడ అండీ, పొగడ చెట్టు" అన్నాను. ఎప్పుడూ విన్లేదన్నారు, తెలుగావిడే. చాలా బాధేసింది.

శివరాత్రి వెళ్లాక మా ఊరి గుడి వెనక పొద్దున్నే పిల్లలందరం చేరేవాళ్లం. పొగడపూలని కొయ్యక్కర్లేదు, అవే రాలతాయి, ఏరుకోవడమే. రాలేటప్పుడు రేకులూ కేసరాలూ కలిసి ఊడొచ్చేస్తాయి, మధ్యలో ఉండే కాయయ్యే భాగం కొమ్మకే ఉండిపోతుంది, అందుకే పువ్వు నడుమ సన్నటి బెజ్జం ఉంటుంది. సూది అక్కర్లేదు! చీపురులోంచి ఒక ఈనె లాగి దానికే గుచ్చుకుంటూ పోయేవాళ్లం, ఎవరి ఈనె ముందు నిండితే వాళ్లు గొప్ప. ఆ దండని అమ్మమ్మ పెట్టెలో పట్టుచీరల మడతల్లో పెట్టేది. మల్లెలు సాయంత్రం పెట్టుకుంటే తెల్లారేసరికి వాడిపోతాయి కదా, పొగడ అలా కాదు, ఎండి గోధుమ రంగుకి తిరిగినా వాసన వదలదు. దసరాకి పెట్టె తెరిస్తే గది గదంతా పొగడే.

పుస్తకాల్లో వకుళం అంటారు, తిరుమల కథలో వకుళమాత పేరులో ఉన్నదీ ఇదే. తమిళులకి మగిళం, మలయాళీలకి ఇలంజి. ఫోన్ చూపించిన ఆ ఎలెంగి కూడా వాళ్ల మాటే, కేరళ మొక్కల మీద డచ్చివాళ్లు 17వ శతాబ్దంలో వేయించిన పుస్తకంలోంచి మొక్కలకి శాస్త్రీయనామాలు పెట్టిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ తీసుకుని 1753లో శాస్త్రీయనామంలో పెట్టేశాడు. మలయాళం పేరు ప్రపంచమంతా తిరుగుతుంటే మన పేరు మన వీధిలోనే తెలియకపోవడమేంటి?

హైదరాబాద్‌లో రోడ్ల పక్కన నీడకోసం ఈ చెట్లు చాలాచోట్ల వేశారు. పొద్దున్నే ఊడ్చేలోపు వెళ్లండి, ఒక గుప్పెడు చాలు. ఈవాళ ఆవిడ వాళ్ల పాపని తీసుకొచ్చారు. మా చీపురులోంచే ఒక ఈనె తీసిచ్చాను.