వార్డెన్ ఉద్యోగానికి మాస్టర్సా?

ఈ మాట మొదట అన్నది మా నాన్న. ఖమ్మంలో మా ఇంటి వరండాలో కూర్చుని నా అడ్మిట్ లెటర్ రెండుసార్లు చదివి, కళ్లద్దాలు తీసి లుంగీ అంచుతో తుడుచుకుంటూ "అంటే హాస్టల్ వార్డెన్ ఉద్యోగం అన్నట్టు. దానికి అమెరికా దాకా పోయి చదవాలా తల్లీ?" అన్నాడు. లోపల్నించి అమ్మ "అక్కడికెళ్లాక కంప్యూటర్స్‌కి మారొచ్చంటలే, అందరూ మారుతున్నారంట" అని నాన్నకి ధైర్యం చెప్పింది.

నేను చదివింది హయ్యర్ ఎడ్యుకేషన్ అండ్ స్టూడెంట్ అఫైర్స్, అంటే కాలేజీ పిల్లల క్లాసు బయటి మంచీచెడ్డా చూసుకునే పని నేర్పే చదువు. మిడ్‌వెస్ట్‌లో ఒక స్టేట్ యూనివర్సిటీ, రెండేళ్లు. అఫైర్స్ అన్న ముక్క దగ్గర మా బావగారు నవ్విన నవ్వు గురించి ఇప్పుడొద్దు లేండి.

ఎందుకు చదివావ్ అంటే... హైదరాబాద్‌లో ఈసీఈ చేసేటప్పుడు సెకండ్ ఇయర్‌లో నా రూమ్మేట్ ఒక నెల రోజులు మంచం దిగలేదు. క్లాసుకి రాదు, మెస్‌కి రాదు. మా వార్డెన్ మేడమ్ రోజూ అటెండెన్స్ రిజిస్టర్లో ఆబ్సెంట్ వేసుకుంటూ పోయి చివరికి వాళ్ల నాన్నకి ఫోన్ చేసింది, ఆయన బస్సులో వచ్చి పెట్టె బకెట్టు సర్దించుకుని అమ్మాయిని తీసుకెళ్లిపోయాడు, అంతే, మళ్లీ రాలేదు. ఆ నెలంతా తనని కూర్చోబెట్టి ఏమైందని అడిగినవాళ్లు లేరు. నాతో సహా. నాకు ఇంటర్నల్స్ ఉన్నాయి అప్పుడు.

సరే, చదువు సంగతికొద్దాం. ఇది పుస్తకాల చదువు సగమే, మిగతా సగం పని. గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌షిప్ అంటారు. సెమిస్టర్ నడిచేటప్పుడు ఎఫ్-1 అనే స్టూడెంట్ వీసా వాళ్లు క్యాంపస్‌లో వారానికి 20 గంటలే చెయ్యాలి కాబట్టి ఆ 20 గంటలు ఏ ఆఫీసులో అన్నదే అసలు ప్రశ్న. ఈ కోర్సులకి ప్రమాణాలు రాసే సీఏఎస్ అనే కౌన్సిల్ ఒకటుంది, 1979లో పెట్టారు, వాళ్ల లెక్క ప్రకారం కనీసం 300 గంటలు ఒకరి పర్యవేక్షణలో పని చేసి ఉండాలి. నాకు దొరికింది రెసిడెన్స్ లైఫ్, అంటే అక్షరాలా హాస్టలే. నాన్న మాటే గెలిచింది. ట్యూషన్ మాఫీ, ఉండటానికి అదే బిల్డింగ్‌లో చిన్న అపార్ట్‌మెంట్, నెలకి కొంచెం స్టైపెండ్, ఇంకా మూడు వారాలకోసారి చేతికొచ్చే డ్యూటీ ఫోన్.

ఆ డ్యూటీ ఫోన్ మోగే మోత ఇప్పటికీ ఎక్కడైనా వినపడితే నా గుండె జారుతుంది.

ఫస్ట్ ఇయర్ ఫిబ్రవరిలో, రాత్రి ఒకటిన్నరకి ఫైర్ అలారం. బయట మైనస్ 17. అలారం మోగితే ఎవరైనా సరే దిగాల్సిందే, నాలుగు వందల మంది చెప్పులతో, దుప్పట్లతో, ఒకడైతే టవల్‌తో, మంచులో నిలబడ్డారు. ఫైరింజన్ వచ్చింది. నేను ఫైర్ వాళ్ల వెనక మూడో అంతస్తు అపార్ట్‌మెంట్ వింగ్‌లోకి అడుగు పెట్టానో లేదో నాకు ముక్కుకే అర్థమైపోయింది. ఎండుమిర్చి పోపు! ఒక అబ్బాయి పప్పులోకి తాలింపు పెడుతూ ఫోన్లో మాట్లాడుతున్నాడంట, నూనె మాడింది. ఆ అబ్బాయి కారిడార్లో గరిటె పట్టుకునే నిలబడి నన్ను చూసి, నా మొహం చూసి, "అక్కా, తెలుగా?" అన్నాడు.

ఇప్పుడు చెప్పండి, నేను అక్కనా, స్టాఫ్‌నా?

పొద్దున్నే ఇన్సిడెంట్ రిపోర్ట్ రాయాలి. మా సూపర్‌వైజర్ నాకు మొదటి నెలలోనే నేర్పింది, రిపోర్ట్‌లో నీ అభిప్రాయం ఉండకూడదు, నువ్వు చూసింది, విన్నది మాత్రమే ఉండాలి అని. "కోపంగా ఉన్నాడు" అని రాస్తే కొట్టేసేది. కోపం నీకు కనపడిందా? గొంతు పెంచాడా, తలుపు ధడాలున వేశాడా, అది రాయి. "తాగి ఉన్నాడు" కాదు, "మద్యం వాసన వచ్చింది, నడిచేటప్పుడు రెండుసార్లు గోడ పట్టుకున్నాడు". వినడానికి చిన్న తేడా. కానీ ఆ కాగితం రేపు ఆ పిల్లాడి కండక్ట్ హియరింగ్‌లో, అంటే క్రమశిక్షణ విచారణలో, టేబుల్ మీద ఉంటుంది, నువ్వు వేసిన ఒక విశేషణం వాడి నెత్తిన కూర్చుంటుంది. నేను రాసిన పోపు రిపోర్ట్ ఆరు వాక్యాలు. అందులో "నూనె పాత్ర స్టవ్ మీద ఉంది, గరిటె విద్యార్థి చేతిలో ఉంది" అని కూడా ఉంది. అక్కా అన్నాడని మాత్రం రాయలేదు, అదీ విన్నదే అయినా.

క్లాసుల్లో నన్ను నిజంగా కుదిపింది హెల్పింగ్ స్కిల్స్. ఒక క్లాస్‌మేట్ ఎదురుగా కూర్చుని నిజమైన సమస్య ఒకటి చెప్తుంది, మనం ఇరవై నిమిషాలు వినాలి, అది రికార్డ్ చేసి మనమే ఒక్కో మాటా టైప్ చేసి ఇవ్వాలి. నా మొదటి రికార్డింగ్ విన్నాక సిగ్గేసింది. నలభై సెకండ్లకే సలహా మొదలెట్టేశా! పెళ్లిలో పక్క కుర్చీలో కూర్చున్న మావయ్య లాగా, "నువ్వు ముందు నిద్ర సరిగ్గా పో, అన్నీ అవే సర్దుకుంటాయి". ప్రొఫెసర్ మార్జిన్‌లో ఎర్ర పెన్నుతో "ఆమె అడిగిందా?" అని రాశారు. ఇంకోటి, ఎందుకు అనే ప్రశ్న వద్దంటారు, ఎందుకు చేశావ్ అంటే ఎదుటివాళ్లు సంజాయిషీలోకి వెళ్లిపోతారు, ఏం జరిగింది అని అడగమంటారు. మన ఇళ్లల్లో అసలు మాట మొదలయ్యేదే "ఎందుకు తగ్గాయి మార్కులు" తో కదా, దాన్ని మానుకోవడానికి నాకు ఒక సెమిస్టర్ పట్టింది.

కాలేజీ పిల్లలు ఎలా ఎదుగుతారన్న దాని మీద థియరీలు బోలెడు. 1937లో అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ వేసిన ఒక రిపోర్ట్‌తో మొదలు, పిల్లాడి బుర్ర ఒక్కటే కాదు మొత్తం మనిషిని చూడండి అని దాని సారం. తర్వాత ఆ థియరీలు రాసిన ఆస్టిన్, టింటో, ష్లాస్‌బర్గ్. ష్లాస్‌బర్గ్ నాకు బాగా పనికొచ్చింది. ఎవరి జీవితంలోనైనా మార్పు వచ్చినప్పుడు నాలుగు చూడమంటుంది, పరిస్థితి ఏంటి, మనిషి ఎలాంటివాడు, తోడు ఎవరున్నారు, వాడు చేస్తున్న ప్రయత్నాలేంటి. ఫాల్‌లో, అంటే ఆగస్టు సెమిస్టర్‌కి, దిగే మన పిల్లల్ని ఎవర్ని చూసినా ఆ మూడోదే ఖాళీగా ఉంటుంది, రూమ్‌లో నలుగురు తెలుగువాళ్లున్నా సరే.

చికరింగ్ అనే ఇంకో థియరీ ఆయనతో మాత్రం నాకు గొడవే. ఆయన 1969లో ఏడు వెక్టర్లు, అంటే ఎదుగుదలకి ఏడు దిశలు, అని రాశాడు, కుర్రాళ్లు కాలేజీలో ఎలా ఎదుగుతారో. అందులో ఒకటి స్వతంత్రం, అంటే అమ్మానాన్నల మీద ఆధారపడటం తగ్గించుకోవడం. 1993లో దాన్ని సవరించి, స్వతంత్రం దాటి ఒకరికొకరు ఆధారంగా ఉండటం దాకా సాగాలి అన్నారు. నేను క్లాసులో చెయ్యెత్తి, మా దగ్గర ఆ రెండోదానితోనే పుడతాం సర్, రోజూ వీడియో కాల్‌లో ఏం కూర అని అమ్మకి చెప్పే ఇరవై మూడేళ్ల వాడు ఎదగనట్టు కాదు, వాడే అక్కడ ఇంటి లోన్‌కి పూచీ అన్నాను. ప్రొఫెసర్ మంచాయన, అదే పేపర్ రాయి అన్నాడు. రాశా. బీ ప్లస్.

ఇంకో రాత్రి సంగతి. డ్యూటీ ఫోన్‌కి ఒక నాన్న గారు చేశారు, ఇండియా నుంచి, నంబర్ ఎలా పట్టుకున్నారో ఏమో. నా పేరు వినగానే తెలుగులోకి దిగిపోయి "అమ్మా, మావాడు రెండ్రోజుల్నించి ఫోన్ ఎత్తట్లేదమ్మా, కాలేజీకి పోతున్నాడో లేదో చెప్పమ్మా" అన్నారు. అక్కడ ఫెర్పా అని 1974 చట్టం ఉంది, కాలేజీలో చేరాక రికార్డు పిల్లలది, పెద్దవాళ్లది కాదు. పన్నుల్లో పిల్లల్ని డిపెండెంట్‌గా చూపించే అమెరికన్ తల్లిదండ్రులకి ఒక సందు ఉంది, ప్రాణం మీదకొస్తే ఇంకో సందు, కానీ ఖమ్మంలోనో నెల్లూరులోనో ఉన్న నాన్నకి ఆ మొదటి సందు పనికిరాదు. నేను "అంకుల్, ఆ విషయం చెప్పడానికి లేదండి, కానీ ఇప్పుడే వెళ్లి తలుపు కొడతాను, మీకు ఫోన్ చెయ్యమంటాను" అన్నా. వెళ్లి కొట్టా. కుర్రాడు బాగానే ఉన్నాడు, ఒక సబ్జెక్ట్ పోయింది, చెప్పలేక ఫోన్ ఎత్తట్లేదు. మెట్ల మీద కూర్చుని నలభై నిమిషాలు ఏం మాట్లాడకుండా విన్నాను, సలహా ఇవ్వకుండా ఉండటానికి నాలిక కరుచుకుని మరీ. తర్వాత వాడే చేశాడు ఇంటికి.

ఇది చదివి నాకు మెసేజ్ పెట్టబోయే వాళ్ల కోసం డబ్బు మాట కూడా చెప్పేస్తా. జీతాలు సాఫ్ట్‌వేర్‌తో పోల్చుకుంటే ఏడుపొస్తుంది. ఈ డిగ్రీ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) కింద రాదు కాబట్టి ఓపీటీ, అంటే చదువయ్యాక అక్కడ పని చేసుకోనిచ్చే అనుమతి, 12 నెలలే, ఆపైన 24 నెలల పొడిగింపు లేదు. యూనివర్సిటీలకి హెచ్-1బీ లాటరీ బాధ లేదు నిజమే, కానీ ఎంట్రీ లెవెల్ హాల్ డైరెక్టర్ (ఒక హాస్టల్ మొత్తం చూసుకునే మనిషి) ఉద్యోగానికి వీసా స్పాన్సర్ చేసేవాళ్లని వెతుక్కోవాలి, నేను అప్లై చేసిన వాటిల్లో ఎక్కువ చోట్ల ఫారంలో స్పాన్సర్‌షిప్ కావాలా అన్న గడి దగ్గరే ఆగిపోయా. అసిస్టెంట్‌షిప్ లేకుండా సొంత డబ్బుతో మాత్రం ఈ కోర్సుకి రావద్దు, లోన్ తీరదు.

మనదగ్గర దీనికి దారి లేదా అంటే, ఐఐటీల్లో డీన్ ఆఫ్ స్టూడెంట్ అఫైర్స్ అంటే ఒక ప్రొఫెసర్ గారికి అదనపు డ్యూటీ. విశాఖలో చనిపోయిన ఒక నీట్ విద్యార్థిని కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు, వంద మంది లేదా అంతకన్నా ఎక్కువ మంది పిల్లలున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలరో సైకాలజిస్టో సోషల్ వర్కరో ఒక్కరైనా ఉండాలని చెప్పింది. అది చదివిన రోజు నా రూమ్మేట్ పెట్టె, బకెట్టే కళ్లముందు తిరిగాయి.

పోయిన సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు నాన్న ఎదురింటి ఆయన్ని కూర్చోబెట్టుకుని నన్ను పిలిచి, నాలుగు వందల మంది ఉండే హాస్టల్ మా అమ్మాయే చూస్తుంది అని చెప్పి, "ఇంతకీ అక్కడ మెస్‌లో అన్నం బాగుంటుందా?" అని అడిగాడు. మెస్ నా కింద రాదు నాన్నా, డైనింగ్ వేరే డిపార్ట్‌మెంట్ అన్నా. నాన్న ఒక నిమిషం నావైపు చూసి, ఎదురింటాయన వైపు చూసి, "మెస్ చేతిలో లేకపోతే ఇంకేం వార్డెన్‌వే నువ్వు" అన్నాడు.