కొండ ఎండిపోలేదు, ఆకు రాల్చింది

శివరాత్రి దాటితే చాలు, ఎవరో ఒకరు అలిపిరి వైపు నుంచి శేషాచలం ఫోటో తీసి "అడవంతా చచ్చిపోతోంది చూడండి" అని గ్రూపులో పెడతారు. కింద వరసగా ఏడుపు బొమ్మలు. చచ్చిపోవడం కాదండీ, అది ఆకురాల్చే అడవి, ఏటా చేసే పనే చేస్తోంది.

ఆకు రాలడం అంటే స్కూల్లో చదివిన చలిదేశాల బొమ్మే మనకు గుర్తొస్తుంది. అక్కడ బాధ చలి, మంచు. ఇక్కడ బాధ నీళ్లు. మన తిరుపతి వైపు నైరుతి వానల కన్నా అక్టోబరు, నవంబరు తుఫాను వానలే గట్టిగా పడతాయి, డిసెంబరు దాటాక మళ్లీ చినుకు కోసం నెలల తరబడి ఎదురుచూపే. ఆకు అడుగున ఉండే సన్న రంధ్రాల్లోంచి చెట్టు నీళ్లు ఆవిరైపోతూనే ఉంటాయి. పైన ఎండ ముదిరి కింద నేల బిగుసుకుంటే వేర్లు అంత నీళ్లు తోడలేవు, కాండంలో నీటి ధార తెగి గాలి బుడగలు చేరతాయి, కొమ్మ నిజంగానే చస్తుంది. అందుకే ఎర్రచందనం, టేకు, బూరుగు ముందే ఆకు వదిలించుకుంటాయి.

గాలికి రాలింది అంటాం గానీ రాల్చేది చెట్టే. ఆకును పట్టి ఉంచే ఆక్సిన్ అనే హార్మోను తగ్గుతుంది, రాల్చమనే ఇథిలీన్ అనే హార్మోను పెరుగుతుంది, తొడిమ మొదట్లో ఒక పొర కణాలు ఒకదాన్నొకటి వదిలేస్తాయి, ఆ గాటు మీద బెరడులాంటి మూత పడుతుంది. నమ్మకపోతే పచ్చి కొమ్మ విరిచి పందిరి మీద వేయండి. ఆకులు ఎండి గలగలమంటాయే తప్ప అంత తేలిగ్గా ఊడవు, ఎందుకంటే రాల్చే పని చేయడానికి ఆ కొమ్మలో ప్రాణం లేదు.

ఆకు పారేసే ముందు చెట్టు అందులోని నత్రజని, భాస్వరం చాలావరకు కాండంలోకి లాక్కుంటుంది, ఇల్లు ఖాళీ చేసేవాళ్లు ఫ్యాన్లు విప్పుకుపోయినట్టు. ఆకుపచ్చ రంగు విరిగిపోతే అడుగున ముందునుంచీ ఉన్న పసుపు బయటపడుతుంది. ఎరుపు మాత్రం చివర్లో కొత్తగా తయారయ్యేది, అది చూడాలంటే అమెరికా పోనక్కర్లేదు, వీధిలో బాదంచెట్టు చాలు.

నాకు అసలు వింతగా అనిపించేది చిగురు. వాన రావడానికి ఇంకా నెలలుండగా, రోడ్డు మీద కాలు పెట్టలేని ఎండలో కానుగ, రావి కొత్త ఆకు వేస్తాయి. ఎట్లా? ఆకులు పోయాక నీళ్ల ఖర్చు దాదాపు ఆగిపోతుంది, లోతు వేర్లు కొంచెం కొంచెంగా తోడింది కాండంలో నిండుతుంది, ఆ నిల్వతోనే చిగురు. తొలకరి పడేసరికి వంటగది సిద్ధం. ఈలోపు మోదుగ, కొండగోగు మోడు కొమ్మల మీదే పూస్తాయి, అడ్డం ఆకుల్లేవు కాబట్టి పిట్టలకీ తేనెటీగలకీ దూరం నుంచే కనబడతాయి.

ఇక మా వీధి గొడవ. "రోజూ ఊడ్వలేక చస్తున్నామన్నా, ఆ కానుగ కొట్టించేయండి" అంటారు, మళ్లీ మేలో బండి పెట్టుకోవడానికి అదే నీడ కోసం పోటీ. ఊడ్చింది గుట్ట పోసి అగ్గి పెట్టడం ఇంకో దరిద్రం. ఒక మూల గుంట తీసి వేస్తే మెల్లగా మెత్తబడుతుంది, మొక్కల మొదళ్లకు వేసుకోవచ్చు. కొండ మీదైతే ఎవరూ ఊడ్వక్కర్లేదు, అక్కడ రాలిన ఆకు నేలను కప్పి తడి కాపాడుతుంది. కాకపోతే మార్చి, ఏప్రిల్‌లో అదంతా మందుగుండే. ఘాట్ రోడ్డులో బండి ఆపి బీడీ ముక్క కిందికి విసిరేవాళ్లు కనిపిస్తే మొహమాటపడకుండా తిట్టండి.